పాఠకుల ప్రశ్నలు: దూరాన ఉన్న స్పెషలిస్టును అడిగేటప్పుడు

పల్లె క్లినిక్కుల్లో పనిచేసే డాక్టర్లు, నర్సులు ఆన్‌లైన్‌లో స్పెషలిస్టుల సలహా తీసుకోవడం గురించి పంపిన ప్రశ్నలు ఈసారి. ఒకేలాంటివి వచ్చినచోట కలిపేశాం. కొన్నిటికి జవాబు పొడుగైంది, తప్పలేదు.

ప్రశ్న: మా క్లినిక్‌లో డాక్టర్ని నేనొక్కడినే. ఆన్‌లైన్ సలహా సేవలో చేరి నాలుగు నెలలైంది. కేసు పంపిన ప్రతిసారీ ‘మరిన్ని వివరాలు పంపండి’ అనే జవాబే వస్తుంది. అవి పంపేసరికి మళ్లీ ఇంకో ప్రశ్న. ఈలోగా పేషెంటు రావడం మానేస్తాడు. పొరపాటు ఎక్కడ జరుగుతోంది?

జవాబు: మీరు పంపిన కేసుల్లో అసలు ప్రశ్న ఉందో లేదో ఒకసారి తిరగేసి చూడండి. చాలామంది కేసుల్లో ఉండదు. జ్వరం ఎప్పుడొచ్చింది, ఏ మాత్రలు వాడారు అన్నీ రాసి, చివర ‘దయచేసి సలహా ఇవ్వగలరు’ అని వదిలేస్తారు. దేనికి సలహా? జబ్బేమిటో తేల్చాలా, మందు మార్చాలా, పేషెంటును పంపించమంటారా? అవతలివారు ఓపీ మధ్యలో పది నిమిషాలు చిక్కించుకుని మీ కేసు తెరుస్తారు. ఏం కావాలో వెతుక్కోవలసి వస్తే, తేలికైన దారి ‘మరిన్ని వివరాలు పంపండి’ అనడమే.

ప్రశ్నను మొదటి వాక్యాల్లోనే పెట్టండి. ఇలా: ‘45 ఏళ్ల మహిళ. ఎనిమిది వారాలుగా రెండు చేతుల వేళ్ల కీళ్లు వాచాయి, పొద్దున లేచాక గంటకు పైగా బిగుసుకుపోతున్నాయి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనుకుంటున్నాను. మెథోట్రెక్సేట్ ఇక్కడే మొదలుపెట్టవచ్చా, ముందు మీరు చూడాలా?’ మీ అనుమానం ఏమిటో బయటపెట్టడానికి సంకోచించకండి. తప్పైనా నష్టం లేదు, మీరు ఏ దారిలో ఆలోచిస్తున్నారో తెలిస్తే ఎక్కడ సరిదిద్దాలో వాళ్లకు తెలుస్తుంది.

తర్వాత మిగతావి. వయసు, ఆడవారైతే గర్భం ఉందా లేదా, పిల్లలైతే తప్పనిసరిగా బరువు. పల్స్, బీపీ, టెంపరేచర్, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసుకుంటున్నారు, శాచురేషన్ (వేలికి పెట్టే మీటరు చూపే రక్తంలోని ఆక్సిజన్ శాతం). శాచురేషన్ రాస్తే ఆక్సిజన్ మీద ఉన్నప్పుడు చూశారా, మామూలు గాలిలోనా అన్నదీ రాయండి. 94 అన్న అంకెకు ఆ రెండు సందర్భాల్లో అర్థం ఒకటి కాదు. వేలు చల్లగా ఉన్నా, గోళ్లకు రంగున్నా ఆ అంకెను నమ్మలేం. ముదురు రంగు చర్మం ఉన్నవారిలో ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే ప్రమాదమూ ఉంది. ఇచ్చిన మందులు పేరుతో, మోతాదుతో, ఎన్ని రోజులన్న లెక్కతో ఉండాలి. ‘యాంటీబయాటిక్ వాడాం’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. లేనివి కూడా రాయండి: ‘మెడ బిగుసుకోలేదు’ అని రాస్తే మీరు చూశారని అర్థం. రాయకపోతే చూశారో లేదో తెలియదు, తిరుగు ప్రశ్నల్లో సగం ఇక్కడే పుడతాయి.

యూనిట్లు మరీ ముఖ్యం. గ్లూకోజ్‌ను కొన్ని దేశాల్లో మిల్లీగ్రాముల్లో, కొన్నిచోట్ల మిల్లీమోల్స్‌లో చెబుతారు. రెండిటికీ తేడా 18 రెట్లు. ‘షుగర్ 11’ అని ఊరుకుంటే ఒకరికి అది 198గా అర్థమవుతుంది, 11 మిల్లీగ్రాములనుకున్న ఇంకొకరికి గుండె ఝల్లుమంటుంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్‌లో ఆ తేడా 88.4 రెట్లు. సిరప్‌ను ఎం.ఎల్‌లలో మాత్రమే రాయకండి. ఒకే మందు 5 ఎం.ఎల్‌కు 125 మిల్లీగ్రాములదీ ఉంటుంది, 250దీ ఉంటుంది.

ఆఖరుగా, ఎవరూ రాయనిది ఒకటి. మీ దగ్గర ఏం పరీక్షలు దొరుకుతాయి, ఏ మందులున్నాయి, పెద్దాసుపత్రికి ఎన్ని గంటల ప్రయాణం? ఇది తెలియక, ఎక్స్‌రే కూడా లేని చోటికి ‘ఎంఆర్ఐ తీయించండి’ అని జవాబొస్తుంది. ఆ తప్పు స్పెషలిస్టుది కాదు.

ప్రశ్న: చర్మం మీది మచ్చల ఫొటోలు పంపితే ‘క్లియర్‌గా లేవు’ అంటున్నారు. ఫోన్ కెమెరా మంచిదే. ఫొటోలు తీసేది నేనే, స్టాఫ్ నర్సుని.

జవాబు: కెమెరాను అనుమానించాల్సిన పని లేదు, దూరాన్ని అనుమానించండి. మచ్చ బాగా కనపడాలని ఫోన్‌ను చర్మానికి ఆనించేంత దగ్గరికి తీసుకెళ్తారు. అంత దగ్గర లెన్స్ ఫోకస్ కాదు. జాన, జానన్నర వెనక్కి జరిగి, మచ్చ మీద వేలితో నొక్కి ఫోకస్ చేసి తీసి, తర్వాత కత్తిరించుకోండి. వేళ్లతో సాగదీసే జూమ్ వద్దు.

తీసే ముందు లెన్స్ తుడవండి, మచ్చ మీది పూత, పౌడరు కడిగేయండి. కిటికీ పక్క నీడ వెలుతురు మంచిది. ఎండ నేరుగా పడకూడదు. ఫ్లాష్ వేస్తే తడిగా, నునుపుగా ఉన్నచోట తెల్లటి మెరుపు పడి అసలుది కనపడదు. పసుపు బల్బు కింద తీస్తే అందరికీ కామెర్లే. ఫ్రేమ్ అంచున తెల్ల కాగితం ముక్క పెడితే రంగు ఎంత మారిందో చూసేవారు అంచనా వేసుకుంటారు. వెనక ఒకే రంగు గుడ్డ, నీలమో ఆకుపచ్చో, పూలవి వద్దు. ముఖాన్ని నునుపు చేసే బ్యూటీ ఫిల్టర్ కొన్ని ఫోన్లలో దానంతటదే ఆన్ అయి ఉంటుంది. పొక్కులను అది చక్కగా మాయం చేసేస్తుంది.

ఒక్కో మచ్చకు మూడు ఫొటోలు చాలు: శరీరంలో ఎక్కడుందో తెలిసేలా ఒకటి, ఆ భాగం మొత్తం ఒకటి, పక్కన మిల్లీమీటర్ల స్కేలు పెట్టి దగ్గరగా ఒకటి. ఉబ్బెత్తుగా ఉంటే పక్క నుంచి వెలుగు పడేలా ఇంకొకటి. ఒక కాలికే ఉంటే రెండో కాలిదీ తీయండి.

ఇంత చేసినా ఫొటో సగమే చెబుతుంది. మిగతా సగం మీ వేళ్లు చెప్పాలి. నొక్కితే ఎరుపు పోతోందా, వేడిగా ఉందా, గట్టిగా ఉందా, నొప్పా, దురదా? పాలిపోయిన మచ్చ అయితే దూది పోగుతో తాకి స్పర్శ తెలుస్తోందో లేదో చూడండి. మోచేయి వెనక, మోకాలి పక్కన నరం లావెక్కిందేమో తడిమి చూడండి. కుష్ఠు విషయంలో డెర్మటాలజిస్టుకు కావలసినది ఇదే, దీన్ని ఏ కెమెరా పట్టుకోలేదు. స్టిరాయిడ్ కలిసిన క్రీము ముందే రాసుకున్నారా అన్నది కూడా కనుక్కోండి. అది రాసిన తామరకు అంచులు చెరిగిపోయి మరేదో జబ్బులా కనిపిస్తుంది.

ప్రశ్న: ఎక్స్‌రే ఫిల్మును, ఈసీజీని ఫోన్‌తో ఫొటో తీసి పంపడం సరైనదేనా?

జవాబు: ఈసీజీకి ఫర్వాలేదు. కాగితాన్ని బల్ల మీద చదునుగా పరిచి, నీడ పడకుండా, నాలుగు మూలలూ కనపడేలా నిటారుగా పైనుంచి తీయండి. చిన్న గడులు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉండాలి. కాగితం వేగం సెకనుకు 25 మి.మీ., ఒక మిల్లీవోల్టుకు 10 మి.మీ. అన్న గుర్తులు కత్తిరించకండి. పంపే ముందు లీడ్ వన్ (రెండు చేతుల వైర్ల మధ్య నమోదయ్యే గీత) చూడండి. అందులో పీ, క్యూఆర్ఎస్, టీ అనే అలలు మూడూ తలకిందులుగా ఉండి, ఏవీఆర్ అనే లీడ్‌లో పైకి ఉంటే ముందుగా అనుమానించాల్సింది రెండు చేతుల వైర్లు తారుమారయ్యాయేమో అని. ఛాతీ మీది లీడ్లలో వీ1 నుంచి వీ6 దాకా ఆర్ అల మామూలుగా పెరుగుతూ ఉంటే దాదాపు అంతే. ఆర్ పెరగకుండా తగ్గుతూ పోతే గుండె కుడివైపున ఉందేమో ఆలోచించాలి. వైర్లు మార్చి మళ్లీ తీయడానికి రెండు నిమిషాలు పట్టదు, కార్డియాలజిస్టు సమయం ఎంతో మిగులుతుంది.

ఎక్స్‌రే సంగతి వేరు. డిజిటల్ ఎక్స్‌రే అయితే స్క్రీన్‌ను ఫొటో తీయకండి, అలలు అలలుగా గీతలు పడతాయి. యంత్రం ఇచ్చే అసలు ఫైలును, అంటే డైకామ్ ఫైలునే పంపండి. దాన్నయితే రేడియాలజిస్టు అక్కడ తనకు కావలసినట్టు వెలుగు పెంచి, తగ్గించి చూసుకోగలరు. ఫిల్మే ఉంటే వ్యూ బాక్స్ (ఫిల్మును వెనకనుంచి వెలిగించే పెట్టె) మీద పెట్టి గదిలో లైట్లు ఆర్పండి, ఫ్లాష్ ఆపండి. ఫిల్ము పక్కన ఖాళీగా వెలుగుతున్న భాగాన్ని నల్ల కాగితంతో కప్పండి. కప్పకపోతే కెమెరా ఆ తెల్లటి వెలుగును చూసి సర్దుకుంటుంది, ఫిల్మంతా నల్లముద్ద అవుతుంది. మొత్తం ఒకటి, ఒక్కో ఊపిరితిత్తికి ఒకటి తీయండి. కుడి, ఎడమ గుర్తు కనపడాలి. ఇలా తీసినదాంట్లో పెద్ద న్యుమోనియా తెలుస్తుంది గానీ, చిన్న న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) గీత తెలియకపోవచ్చు. ‘ఫొటోలో కనపడలేదు’ అంటే ‘లేదు’ అని కాదు.

ప్రశ్న: డిజిటల్ స్టెతస్కోపు తెప్పించుకున్నాం. ఇక్కడ ఇయర్‌ఫోన్స్‌లో గుండె చప్పుడు బ్రహ్మాండంగా వినిపిస్తోంది. వీడియో కాల్‌లో అవతలి కార్డియాలజిస్టుకు ఏమీ వినిపించడం లేదట. స్టెతస్కోపు వెనక్కి పంపమంటారా?

జవాబు: పంపకండి, అది బాగానే ఉంది. మీ గుండె చప్పుడును తినేస్తున్నది కాల్ యాప్. గుండె శబ్దాల్లో ఎక్కువ భాగం 20 నుంచి 500 హెర్ట్జ్ లోపు ఉంటాయి. మామూలు రెండు చప్పుళ్లు కాక అదనంగా వినిపించే మూడో శబ్దం, నాలుగో శబ్దం అందులోనూ అట్టడుగున ఉంటాయి. వీడియో కాల్ యాప్‌లు మనిషి గొంతు కోసం తయారైనవి. ఒకేలా లయగా వచ్చే లోతైన చప్పుడును ఫ్యాన్ మోతలా లెక్కగట్టి తుడిచేస్తాయి. యాప్‌లో నాయిస్ సప్రెషన్ ఆపే సెట్టింగు ఉంటే ఆపండి. స్టెతస్కోపు నుంచి శబ్దం బ్లూటూత్‌లో ఫోన్ కాల్ పద్ధతిలో వెళ్తుంటే అక్కడా ఇదే గొడవ: పాతకాలపు ఫోన్ లైనులా 300 హెర్ట్జ్ కింద ఉన్నదంతా పోతుంది.

దీనికన్నా తేలికైనది, మేం చెప్పేదీ: లైవ్‌లో వినిపించే ప్రయత్నం మానేసి ఒక్కో చోట 15 సెకన్లు రికార్డు చేసి ఫైలుగా పంపండి. విన్న చోటు, పేషెంటు పడుకున్న తీరు ఫైలు పేరులోనే ‘మైట్రల్, ఎడమవైపు ఒత్తిగిలి’ అని రాసేయండి. గదిలో ఫ్యాన్ ఆపి, పేషెంటును కాసేపు ఊపిరి బిగబట్టమనండి. అవతలివారు ల్యాప్‌టాప్ స్పీకర్లో వింటే మాత్రం ఈ శ్రమంతా వృథా, అంత లోతైన శబ్దం ఆ స్పీకర్లలో పలకదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోమనండి.

ప్రశ్న: మాకు నెట్ చాలా స్లో. వీడియో లేకుండా ఈ సేవ వాడుకోగలమా?

జవాబు: నిశ్చింతగా. బ్రిటన్‌లో 1998లో మొదలైన స్విన్‌ఫెన్ ఛారిటబుల్ ట్రస్టు మారుమూల ఆసుపత్రులకు ఒక డిజిటల్ కెమెరా, స్టాండు, ఈమెయిల్‌తోనే ప్రపంచంలోని స్పెషలిస్టుల సలహా ఉచితంగా ఇప్పించింది. 1999లో ఢాకాలోని పక్షవాత బాధితుల పునరావాస కేంద్రంతో దాని తొలి బంధం కుదిరింది. కేసు రాసి పంపడం, అవతలివారు వీలున్నప్పుడు జవాబివ్వడం: దీర్ఘకాలిక జబ్బులకు, చర్మానికి, ఎక్స్‌రేకు ఇదే మేలు. వీడియో కోసం ఇద్దరు డాక్టర్లు, పేషెంటు, నెట్ నలుగురూ ఒకే సమయానికి కుదరాలి.

వీడియో నిజంగా అవసరమయ్యేది నడక, వణుకు, ఫిట్స్ తర్వాతి కదలికలు, మానసిక సమస్యలు, పిల్లలు ఊపిరి తీసుకునే తీరు చూడాల్సినప్పుడు. వీటిలో మాటలు లైవ్‌లో జరగక్కర్లేనివాటిని అర నిమిషం వీడియో తీసి పంపినా సరిపోతుంది. లైవ్ కావాలంటే ఒకప్పటి టెలిమెడిసిన్‌లో 384 కేబీపీఎస్ లైనును పనికొచ్చే కనీసంగా పెట్టుకునేవారు, ఇప్పటికీ మంచి గురుతు. స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ చూసి సంబరపడకండి, మీ పేషెంటు బొమ్మ వెళ్లేది అప్‌లోడ్‌లో. ఓపీ రద్దీగా ఉన్న వేళ కొలవండి. లైను తడబడితే ముందు వీడియో ఆపేయండి, మాట నిలబడుతుంది. శాటిలైట్ లైనైతే, భూమికి సుమారు 36,000 కి.మీ. ఎత్తున ఉండేదాని ద్వారా మీ మాట అవతలికి చేరడానికే పావు సెకను, జవాబు రావడానికి ఇంకో పావు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఒకేసారి ఆగుతుంటారు. మాట పూర్తయ్యాక ‘చెప్పండి’ అనడం అలవాటు చేసుకుంటే సగం చికాకు పోతుంది.

ప్రశ్న: పక్షవాతం కేసు వస్తే ఆన్‌లైన్‌లో పంపి జవాబు కోసం ఆగవచ్చా?

జవాబు: ఆగకూడదు. ముందు అంబులెన్స్, ఆ తర్వాతే ఫోన్. గడ్డ కరిగించే మందుకు సాధారణంగా 4.5 గంటల గడువు, అదీ సీటీలో రక్తస్రావం లేదని తేలాకే. ఆ గంటలు లక్షణాలు బయటపడిన క్షణం నుంచి లెక్కించాలి. నిద్రలేచేసరికి చేయి పడిపోయి ఉంటే, రాత్రి బాగా ఉండగా ఆఖరిసారి ఎవరు ఎప్పుడు చూశారన్నదే లెక్క. ఆ టైము, షుగర్, బీపీ, రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నారా: ఇవి చేతిలో పెట్టుకుని నేరుగా ఫోన్ చేయండి. బీపీ 185/110 దాటితే ఆ మందు ఇచ్చేముందు తగ్గించాల్సి ఉంటుంది, కాబట్టి అడుగుతారు. ఐదు నిమిషాలైనా ఆగని ఫిట్స్, షాక్, గర్భిణికి రక్తస్రావం, గుండెపోటును సూచించేలా ఎస్టీ లేచిన ఈసీజీ కూడా రాసి పంపి కూర్చునే కేసులు కావు.

ప్రశ్న: స్పెషలిస్టు చెప్పినట్టే చేస్తే, తర్వాత తేడా వస్తే బాధ్యత ఎవరిది? ఫొటోలు వాట్సాప్‌లో పంపొచ్చా?

జవాబు: చట్టం దేశాన్ని బట్టి మారుతుంది. కానీ పేషెంటును తాకి చూసింది మీరు, మందు రాసేదీ మీరు. అవతలివారిది సలహా. అందుకే అడిగిన ప్రశ్న, వచ్చిన జవాబు, ఇచ్చినవారి పేరు, టైము కేసు షీటులో ఉండాలి. సలహా పాటించకపోతే ఎందుకో ఒక వాక్యం రాయండి. ఫోన్‌లో మోతాదు చెబితే తిరిగి చదివి వినిపించి, రాతలో పంపమనండి. ‘పదిహేను’, ‘యాభై’ లాంటి అంకెలు చెడ్డ లైనులో ఎలా వినపడతాయో మీకు చెప్పనక్కర్లేదు.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటో మామూలుగా గ్యాలరీలోకి చేరిపోతుంది, అక్కడినుంచి క్లౌడ్ బ్యాకప్‌కు. పెళ్లి ఫొటోల మధ్య పేషెంటు ఒళ్లు కనపడే రోజు వస్తుంది. పైగా ఫొటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది. డాక్యుమెంటుగా పంపితే తగ్గదు గానీ, తీసిన చోటి వివరం కూడా ఫైలుతో వెళ్లవచ్చు. కెమెరాలో లొకేషన్ ఆపేసుకోండి. సేవకు సొంత పోర్టల్ ఉంటే అదే వాడండి. ఏది వాడినా పేషెంటు అనుమతి తీసుకుని రాసుకోండి. ముఖం కత్తిరించి, ఈసీజీ పైన, అల్ట్రాసౌండ్ మూలన, ఎక్స్‌రే అంచున ఉండే పేర్లు కప్పేయండి. పచ్చబొట్టు కూడా మనిషిని పట్టిస్తుంది. పేర్లన్నీ తీసేస్తే కేసులు కలిసిపోతాయి కాబట్టి కేసు నంబరు రాసిన చీటీని మొదటి ఫొటోగా తీయండి, తర్వాత వరుసగా ఆ పేషెంటువే తీయండి.

ప్రశ్న: సలహా తీసుకుని పల్లెలో వైద్యం చేస్తే స్పెషలిస్టు చేసినంత బాగుంటుందా?

జవాబు: కాలేయానికి సోకే వైరస్ జబ్బు హెపటైటిస్ సీ విషయంలో దీన్ని కొలిచి చూశారు. అమెరికాలోని న్యూమెక్సికోలో కాలేయ వైద్యుడు సంజీవ్ అరోరా క్లినిక్‌లో చూపించుకోవడానికి ఎనిమిది నెలలు ఆగాల్సి వచ్చేది. 2003లో ఆయన ప్రాజెక్ట్ ఎకో మొదలుపెట్టారు. పల్లెల్లో, జైళ్లలో పనిచేసే వైద్యసిబ్బంది యూనివర్సిటీ స్పెషలిస్టులతో వారం వారం వీడియోలో కలిసి కేసులు చర్చించేవారు. 2011లో వెలువడిన అధ్యయనంలో 407 మంది పేషెంట్లున్నారు. వైరస్ పూర్తిగా పోయినవారు యూనివర్సిటీ క్లినిక్‌లో 57.5 శాతం, ఎకో కేంద్రాల్లో 58.2 శాతం. అయితే ఒకటి గమనించండి. ఒకే జబ్బు, ఒక పద్ధతి ప్రకారం నడిచే వైద్యం, అవే మనుషులు మళ్లీ మళ్లీ కలవడం. ఆరు నెలలకోసారి అడిగే ప్రశ్నకు ఈ లెక్క వర్తిస్తుందని అనుకోకండి.

ప్రశ్న: మా సేవ మొదట్లో బాగా నడిచింది. ఇప్పుడు వారానికి ఒక్క కేసు కూడా పోవడం లేదు. పరికరాలన్నీ ఉన్నాయి. ఎలా నిలబెట్టాలి?

జవాబు: పరికరాల వల్ల ఆగిపోయిన సేవలు తక్కువ. అడిగిన మొదటి రెండు ప్రశ్నలకు వారమైనా జవాబు రాకపోతే, మూడోది ఎవరూ పంపరు. కేసులను స్పెషలిస్టులకు పంచే మనిషి ఒకరుండాలి, డాక్టరే కానక్కర్లేదు. రేపటికి జవాబు రాకపోతే గుర్తుచేయడం, సెలవులో ఉంటే ఇంకొకరికి మార్చడం ఆ మనిషి పని. ‘అందరికీ పంపాం’ అంటే ఎవరికీ పంపనట్టే.

కెనడాలోని ఒట్టావాలో 2010లో ఒక ఫ్యామిలీ డాక్టరు, ఒక ఎండోక్రైనాలజిస్టు కలిసి మొదలుపెట్టిన షాంప్లేన్ బేస్ అనే సేవను చూడండి. స్పెషలిస్టు వారంలోపు జవాబివ్వాలి. సలహా ఇవ్వవచ్చు, వివరాలు అడగవచ్చు, పంపించమనవచ్చు. జవాబుకు పట్టిన సమయానికి డబ్బు చెల్లిస్తారు. కేసు మూసేముందు అడిగిన డాక్టరు చిన్న ప్రశ్నావళి నింపాలి. మీరు ముందుగా ఈ చివరిది పెట్టండి, ఖర్చు లేనిది. తన సలహా ఏమైందో ఎన్నడూ తెలియని స్పెషలిస్టు గాలిలోకి రాస్తున్నట్టు ఉంటారు, కొన్నాళ్లకు మానేస్తారు. పొడుగ్గా రాయక్కర్లేదు. ‘మీరు చెప్పిన మందుకు పదో రోజుకు వాపు తగ్గింది. పన్నెండో రోజు దద్దుర్లు వచ్చాయి, ఆపేశాను. ఇప్పుడు ఏది వాడమంటారు?’